పచ్చ చుక్క వెలిగినంత మాత్రాన మనిషి సీట్లో ఉన్నట్టేనా?

ప్రశ్న: మా సంస్థ మూడు అంతస్తుల్లో ఉంది. లోపలి అవసరాల కోసం సొంతంగా ఒక మెసేజింగ్ యాప్ తయారు చేస్తున్నాం. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది, తీరా వెళ్లి చూస్తే మనిషి సీట్లో ఉండరు. అందుకని ఎవరు ఎక్కడున్నారో వైఫై ద్వారా యాపే చూపించేలా చేద్దామంటే, అది నిఘా అవుతుందని తోటివారు అభ్యంతరం చెబుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు

జవాబు: మీ తోటివారి భయం ఈనాటిది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఒలివెట్టి పరిశోధనశాల ‘యాక్టివ్ బ్యాడ్జ్’ అనే పరికరాన్ని రూపొందించి, 1992లో దాని వివరాలు ప్రచురించింది. ఉద్యోగి దుస్తులకు తగిలించుకునే ఆ బ్యాడ్జి సుమారు 15 సెకన్లకొకసారి పరారుణ సంకేతం పంపేది. పరారుణ కాంతి గోడలను దాటదు కనుక, ఏ గదిలోని రిసీవర్ దాన్ని అందుకుంటే మనిషి ఆ గదిలో ఉన్నట్టు లెక్క. ఫోన్ కాల్‌ను అక్కడికే మళ్లించేవారు. ఇష్టం లేకపోతే బ్యాడ్జిని తీసి సొరుగులో పడేసే వీలైనా అందులో ఉంది. రోజంతా చేతిలోనే ఉండే ఫోన్‌తో ఆ వీలు లేదు కాబట్టి, మీ యాప్‌లో అలాంటి సొరుగు ఒకటి మీరే కల్పించాలి.

పైగా వైఫై మీరు అనుకున్నంత కచ్చితంగా చెప్పదు. సంకేతం అంతస్తులను దాటి వెళుతుంది. ఫోన్ కూడా మొదట పట్టుకున్న యాక్సెస్ పాయింట్‌ను, అంటే వైఫై అందించే పెట్టెను, ఒక పట్టాన వదలదు. దాంతో మూడో అంతస్తుకు వెళ్లిన మనిషి రెండో అంతస్తులోనే ఉన్నట్టు కనబడవచ్చు. వీటికన్నా బ్లూటూత్ బీకన్లు, అంటే గదుల్లో అమర్చే చిన్న ప్రసార పరికరాలు, నయం. అవి తమ గుర్తింపును ప్రసారం చేయడం తప్ప ఎవరినీ గమనించవు. ఎక్కడున్నదీ ఫోనే లెక్కగట్టుకుంటుంది. ఆ లెక్కను ఫోన్‌లోనే ఉంచి, ‘వేరే అంతస్తులో, 10 నిమిషాల కిందట’ అన్నంత మోటు సమాచారాన్ని, అదీ ఆ ఫోన్ వాడే మనిషి ఒప్పుకుంటేనే, సర్వర్‌కు పంపండి. పాత జాడలను భద్రపరచవద్దు. భద్రపరిచినదాన్ని ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అడగక మానరు.

అసలు సహోద్యోగికి కావలసింది గది నంబరేనా? ఎక్స్‌ఎంపీపీ అనే మెసేజింగ్ ప్రమాణంలో ‘మాటలకు సిద్ధం’, ‘కాసేపు లేను’, ‘చాలాసేపు లేను’, ‘కదిలించవద్దు’ అన్న స్థితులున్నాయి. వీటిలో ఏదీ చోటును చెప్పదు, అయినా పలకరించాలో వద్దో తేల్చుకోవడానికి చాలాసార్లు ఇవే సరిపోతాయి.

చోటు నిజంగా అక్కరకొచ్చేది మెసేజ్‌ను సరైన వేళకు అందించడంలో. ‘సీటుకు తిరిగొచ్చాక చూపించు’ అని పంపితే, అవతలి ఫోన్ దాన్ని అట్టేపెట్టి, మనిషి మీటింగ్ గది నుంచి వచ్చాకే మోగుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. చూపించిన మరుక్షణం పంపినవారికి ‘అందింది’ అన్న టిక్కు కనబడితే, మనిషి సీటుకు చేరిన సంగతి అడగకుండానే బయటపడిపోతుంది. ఈ రకం మెసేజ్‌లకు ఆ టిక్కును తీసేయండి.