బీకాం చదివాను, కోడింగ్ అంటే భయం. శ్రీకాకుళంలోనే ఉండి ఎంసీఏలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ వైపు వెళ్తే పనికొస్తుందా?

పనికొస్తుంది. కాకపోతే మీరు భయపడాల్సింది కోడింగ్‌కి కాదు.

ముందు ఒకటి తేల్చుకోండి. ఇంటర్లో మీది సీఈసీయా, ఎంఈసీయా? బీకాం, బీఏ వాళ్ళు ఎంసీఏలో చేరాలంటే ఇంటర్లోనో డిగ్రీలోనో లెక్కలు చదివి ఉండాలన్నది చాలాకాలంగా ఉంటూ వచ్చిన షరతు. ఎంఈసీ అయితే గొడవ లేదు. సీఈసీ అయితే మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ అక్షరం అక్షరం చదివాకే ఐసెట్ (ఎంసీఏ ప్రవేశ పరీక్ష) ఫీజు కట్టండి. ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోవడం కన్నా అది నయం. పరీక్ష 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అంటే ప్రశ్నకి 45 సెకన్లు. తప్పుకి మార్కులు కోయరు కాబట్టి చివరి రెండు నిమిషాలు మిగుల్చుకుని, వదిలేసినవాటన్నిటికీ ఏదో ఒక జవాబు పెట్టేయండి. ఖాళీగా వదిలి రావడం ఒట్టి బద్ధకం.

2020-21 నుంచి ఎంసీఏ మూడేళ్ళది కాస్తా రెండేళ్ళయింది. దీనివల్ల ఎక్కువ దెబ్బ తిన్నది బీకాం వాళ్ళే. మెల్లగా అలవాటు పడే మొదటి ఏడాది మాయమైపోయి, డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అందుకని చేరకముందు ఎండాకాలం సెలవుల్లోనే పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు, ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) జాయిన్లు, గ్రూప్ బై వరకూ చేతికి రానివ్వండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో డేటాబేస్ పాఠాలు ఊరికే వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. మార్కుల్లో అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75.

ఇక అసలు సంగతి. మన జిల్లాల్లో ఈ చదువు పాడవుతున్నది సిలబస్ వల్ల కాదు, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు వల్ల. వైజాగ్‌కో హైదరాబాద్ అమీర్‌పేటకో వెళ్ళి, డబ్బులు పోసి, రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకోవడం ఆనవాయితీ అయిపోయింది. ఎప్పుడు చూసినా అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్, అదే హాస్పిటల్ మేనేజ్‌మెంట్. ఇప్పుడు దాని పేరు చివర మెషీన్ లెర్నింగ్ అని తగిలిస్తున్నారు, అంతే తేడా. వైవాలో ‘ఈ టేబుల్‌లో ఫారిన్ కీ ఏది, ఎందుకు పెట్టావు’ అని అడిగితే నేల చూపులు. (ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌కి ముడివేసే కాలమే ఫారిన్ కీ.) ల్యాబ్ రికార్డు మాత్రం ముత్యాల్లాంటి దస్తూరీతో, రంగు పెన్నుల గీతలతో ఉంటుంది. రెండేళ్ళలో ఆ గీతలకి పోయే గంటలతో రెండో ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవచ్చు.

మీరు ఉన్నచోటు చూడండి. పలాస గంటన్నర దూరం. ఏదో ఒక జీడి ఫ్యాక్టరీలో గుమస్తా పుస్తకం అడిగి పట్టుకోండి. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటే ఏమిటో అందులో ఉంది.

యార్డులో 50 బస్తాల పిక్కలు దిగాయనుకుందాం. బస్తా 80 కిలోలు, మొత్తం 4,000 కిలోలు. వాటిని ఎండబెడతారు, ఆవిరి పెడతారు, పెంకు కొడతారు, పప్పుని డ్రయ్యర్లో ఆరబెడతారు, పొట్టు తీస్తారు, గ్రేడు కడతారు, డబ్బాల్లోకి ఎత్తుతారు. చివరికి చేతికొచ్చే పప్పు సుమారు నాలుగో వంతు, అంటే వెయ్యి కిలోలకి కాస్త అటూ ఇటూ. రెడీమేడ్ బాపతు విద్యార్థి దీనికి ‘స్టాక్’ అని ఒక్క టేబుల్ పెట్టి, తేదీ, బస్తాలు, డబ్ల్యూ180, డబ్ల్యూ210, డబ్ల్యూ240, డబ్ల్యూ320 (ఇవి పప్పు సైజు గ్రేడులు), ముక్క అని కాలమ్‌లు గీసేస్తాడు. రిపోర్టు తీస్తే 4,000 లోపలికి, వెయ్యి బయటికి, మిగతా మూడు వేల కిలోలు గోడౌన్లో ఉన్నట్టు చూపిస్తుంది. అక్కడ ఉన్నది పెంకు, పొట్టు, ఆవిరైపోయిన తేమ. గుమస్తా దీన్ని ‘తరుగు’ అని ఒక్క మాటలో రాసుకుంటాడు. ప్రోగ్రామ్‌కి ఆ మాటే తెలియదు.

సరిగ్గా చేస్తే ఇలా ఉంటుంది. లాట్ (ఒక్కసారి దిగిన సరుకు) టేబుల్ ఒకటి: లాట్ నంబరు, అమ్మినవారు, తేదీ, బస్తాలు, కాటా బరువు, రేటు. దశల టేబుల్ ఒకటి. గ్రేడుల టేబుల్ ఒకటి. గ్రేడులు కాలమ్‌లుగా కాకుండా వరుసలుగా ఉండాలి, లేకపోతే కొత్త గ్రేడు వచ్చినప్పుడల్లా టేబుల్ విప్పి కుట్టాల్సి వస్తుంది. ప్రతి దశలో లోపలికెళ్ళిన బరువు, బయటికొచ్చిన బరువు రాసే టేబుల్ ఇంకొకటి. తరుగుని విడిగా దాచకండి, ఆ రెండు బరువుల తేడాగా లెక్కకట్టండి. దాచితే ఒక బరువు దిద్దినరోజున తరుగు పాతదే ఉండిపోతుంది.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. చిక్కు ఆవిరి దగ్గర వస్తుంది. ఒక లాట్‌లో 12 బస్తాలు మిగిలితే వాటిని మరో లాట్‌లో కలిపి ఒకే వాయిగా పెట్టేస్తారు. ఇప్పుడు ఈ డబ్బాలో పప్పు ఎవరి పిక్కలది? ఒక లాట్ చాలా వాయిల్లోకి పోతుంది, ఒక వాయిలో చాలా లాట్లు ఉంటాయి. మధ్యలో ఒక టేబుల్ పడాల్సిందే: లాట్ నంబరు, వాయి నంబరు, అందులో వేసిన కిలోలు. ఆ కిలోల నిష్పత్తిలో పప్పుని వెనక్కి పంచితే ఏ రైతు సరుకు ఎంత పప్పు ఇచ్చిందో లెక్కన తేలుతుంది. యజమానికి కావలసింది కూడా అదే. పుస్తకంలో ఉండే స్టూడెంట్-కోర్సు ఉదాహరణ వందసార్లు చదివినా తలకెక్కని మెనీ-టు-మెనీ, ఈ వాయి దగ్గర ఒక్కసారిలో ఎక్కుతుంది.

కూలి కూడా అంతే. పప్పు తీసినందుకు కిలోకింత అని రేటు. ఆ రేటుని పనివాళ్ళ టేబుల్‌లో పెడితే, రేటు పెంచిన రోజున కిందటి నెల కూలి కూడా మారిపోయి కనిపిస్తుంది. రేటుకి ‘ఎప్పటినుంచి’ అనే తేదీతో వేరే టేబుల్ పెట్టండి.

చిన్నచిన్నవి మరికొన్ని. బరువులకి, డబ్బుకి ఫ్లోట్ (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే టైపు) వాడితే కూడికల్లో పైసలు, గ్రాములు జారిపోతాయి, ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ వాడండి. తేదీని అక్షరాలుగా దాచితే 02-11-2023 వచ్చి 15-03-2023 కన్నా ముందు కూర్చుంటుంది, డేట్ టైపే పెట్టండి. పనివాళ్ళ పేర్లు తెలుగులో రాస్తే ప్రశ్నార్థకాల వరుస కనిపిస్తోందంటే టేబుల్ తెలుగు అక్షరాలు పట్టని లాటిన్-1 ఎన్‌కోడింగ్‌లో ఉందని అర్థం. యూటీఎఫ్-8లో మన అక్షరం గానీ గుణింతం గుర్తు గానీ ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే టేబుల్‌తో పాటు కనెక్షన్‌కి కూడా యూటీఎఫ్8ఎంబీ4 (దాని యూటీఎఫ్-8 పేరు) పెట్టాలి. రెండోది మరిచిపోయి రోజంతా తల పట్టుకునేవాళ్ళే ఎక్కువ.

వీటిలో కోడింగ్ ఎంత? ఎస్‌క్యూఎల్, ఫారాలకి కొంచెం పైథాన్. మిగతాదంతా స్టాకు లెడ్జరు, తరుగు, బకాయి. బీకాంలో మీరు మూడేళ్ళు చదివింది అదే. బీటెక్ వాళ్ళకి జర్నల్ ఎంట్రీ అంటే ఏమిటో చెప్పడానికే ఒక వారం పడుతుంది, కానీ ఆ మాట మన కాలేజీల్లో ఎవరూ ఒప్పుకోరు.

విజయనగరం వైపు వాళ్ళయితే జనపనార మిల్లు షిఫ్టు రిజిస్టరు ఉంది, పొందూరు దగ్గరివాళ్ళకి ఖాదీ నూలు చిలపల లెక్క ఉంది. దేనికైనా పద్ధతి ఒకటే.

అమెరికాలో ఎంఎస్ ఆలోచన కూడా ఉంటే ఒక మాట. అక్కడ చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ళ చదువు అడుగుతాయి. పది, ఇంటరు, బీకాం కలిపితే 15 ఏళ్ళే. మీ విషయంలో ఎంసీఏ ఆ లోటు తీరుస్తుంది.

నాలుగో సెమిస్టరూ పలాస చుట్టుపక్కల ఉద్దానంలో జీడి పిక్కలు రాలే కాలమూ దాదాపు ఒకేసారి వస్తాయి. ఆ రోజుల్లో పొద్దున్నే వెళ్తే గుమస్తా మొహం కూడా చూడడు, కాటా దగ్గర లారీలు ఉంటాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళండి. ల్యాప్‌టాప్ తియ్యకండి. ఒక తెల్ల కాగితం పట్టుకుని, ‘బాబాయ్, నిన్న దిగిన లాట్ ఒక్కటి మొదటినుంచి చెప్పండి’ అని అడగండి. ఆయన ఏ పుస్తకం తెరిచి ఏ పుస్తకంలోకి మారుస్తున్నాడో బాణం గుర్తులతో గీసుకోండి. ఒక్కో పుస్తకం ఒక్కో టేబుల్ అనుకుని మొదలుపెట్టండి, ఆ బాణాలే మీ ఫారిన్ కీలు.