హైడ్రాలిక్ క్లచ్ బరువుగా ఉంటే ముందు కాటా తెచ్చుకోండి

సెకండ్ హ్యాండ్‌లో 250 సీసీ డర్ట్ బైక్ కొన్నానని, కేబులు బదులు ఆయిల్‌తో పని చేసే హైడ్రాలిక్ క్లచ్చే అయినా పావుగంటకే ఎడం చెయ్యి బిగుసుకుపోతోందని, లివర్ దగ్గరుండి ఆయిల్‌ని కిందికి నెట్టే మాస్టర్ సిలిండర్ చిన్నది వేయిస్తే తేలికవుతుందా అని అడిగారు. అవుతుందండీ. కానీ ఇప్పుడే డబ్బు పెట్టకండి. నేను సరిగ్గా ఆ పనే చేయబోయి, చేపలు తూచే కాటా పుణ్యమా అని ఆగాను.

మాది రావులపాలెం పక్క. ఇవి రోడ్డు మీద తిప్పే బండ్లు కావు కాబట్టి ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, ఎండాకాలం గౌతమి సన్నబడ్డాక ఇసక మేటల మీదికి తీసుకెళ్తాం. ఇసకలో క్లచ్ మీద నుంచి వేలు తీసే సందే ఉండదు. నా బండీ సెకండ్ హ్యాండే. మొదటి ఆదివారం ఇంటికొచ్చి ఎడం చేత్తో మంచినీళ్ళ చెంబు ఎత్తబోతే వేళ్ళు ముడుచుకోలేదు.

మా ఊళ్ళో కోత మిషన్లకీ ట్రాక్టర్లకీ హైడ్రాలిక్ పని చేసే బాబాయ్ ఒకాయన ఉన్నారు. డర్ట్ బైక్ అంతకుముందు ముట్టుకుని ఎరగరు. లివర్ రెండుసార్లు నొక్కి, "ఇది స్ప్రింగు బరువా, ఎక్కడో పట్టేసిన బరువా? ముందు అది తేల్చరా" అన్నారు. పక్క చేపల కొట్లోంచి కొక్కెం ఉన్న డిజిటల్ కాటా తెప్పించారు.

లివర్ మీద వేలు పడే చోట కొక్కెం తగిలించి మెల్లగా లాగితే, సగం దూరంలో 6 కిలోలు చూపించింది. పూర్తిగా లాగి, అంతే మెల్లగా వదులుతూ అదే చోటికి వచ్చేసరికి 2.5. స్ప్రింగు ఒక్కటే పని చేస్తుంటే రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. లాగేటప్పుడు రాపిడి మన వేలికి ఎదురు నిలబడుతుంది, వదిలేటప్పుడు స్ప్రింగుకి ఎదురు నిలబడుతుంది. కాబట్టి రెండింటి సగటు, 4.25 కిలోలు, స్ప్రింగుది. మిగతా కిలో ముప్పావు నేను ఊరికే మోస్తున్న బరువు.

ఆ కిలో ముప్పావు రెండు చోట్ల దొరికింది. ఒకటి లివర్ పిన్ను. ప్రతిసారీ బండిని మోటారు నీళ్ళ కింద పెట్టి కడిగేవాణ్ణి, గ్రీజు ఎప్పుడో పోయింది, ఒండ్రు మట్టి మాత్రం మిగిలింది. పిన్ను తీసి తుడిచి గ్రీజు పెడితే అక్కడికి అయిపోయింది.

అసలు సంగతి కింది సిలిండర్‌లో ఉంది, అంటే పైనుంచి వచ్చే ఆయిల్ తోపుకి క్లచ్‌ని విడదీసేది. నా బండికి అది చైన్ తిరిగే చిన్న పళ్ళచక్రం పక్కనే ఉంటుంది, చైన్ చిమ్మే బురదంతా దాని నెత్తినే. కింది సిలిండర్ ఊడదీశాక పైన లివర్ మాత్రం నొక్కకండి, పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది. మేము గొట్టం కూడా విప్పేసి, సిలిండర్‌ని గుడ్డలో చుట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టాం. చాలాసేపు కదల్లేదు, చివరికి టప్పుమని ఊడింది. వెనకాలే వచ్చిన ఆయిల్ చూస్తే బెల్లం పానకం. పిస్టన్ ఒక పక్కన తెల్లటి పొక్కులు కట్టి గరుకుగా ఉంది. ఇందులో పోసే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. మన డెల్టా గాలి సంగతి చెప్పాలా, ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది.

లోపలి గోడ నున్నగానే ఉంది కాబట్టి పిస్టన్, రబ్బరు సీలు కిట్టు వేస్తే సరిపోయింది. సీలు ఎక్కించేటప్పుడు గ్రీజు వాడకండి, అదే కొత్త ఆయిల్‌తో తడపండి. ఏ ఆయిల్ అన్నది మూత మీద రాసి ఉంటుంది: కొన్నిటికి డాట్ 4, కొన్నిటికి మినరల్ ఆయిల్. ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే సీళ్ళు పాడైపోతాయి. పశువుల మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో కింద నుంచి పైకి నెమ్మదిగా ఎక్కిస్తే గాలి బుడగలు వాటంతటవే పైకి పోతాయి.

మళ్ళీ కాటా పెడితే లాగేటప్పుడు 4.75, వదిలేటప్పుడు 3.75. సగటు మారలేదు చూడండి, స్ప్రింగు అదేగా.

తర్వాత పైసా ఖర్చు లేని పని. లివర్ క్లాంపు వదులు చేసి హ్యాండిల్ మీద లోపలికి జరిపాను, రెండు వేళ్ళు లివర్ కొస మీద పడేలా. పిన్ను నుంచి వేలికి దూరం 80 మిల్లీమీటర్ల నుంచి 100 అయితే వేలి మీద బరువు 20 శాతం తగ్గుతుంది. ఇది ముందే చేసుంటే మొదటి ఆదివారం చెంబు ఎత్తేవాణ్ణి.

ఇక మీరడిగిన చిన్న మాస్టర్. 10 మిల్లీమీటర్ల పిస్టన్ తీసి 9 వేస్తే వైశాల్యం 100కి 81 అవుతుంది, అంటే బరువు 19 శాతం తగ్గుతుంది. కానీ కిందికి వెళ్ళే ఆయిల్ కూడా 19 శాతం తగ్గుతుంది. అప్పుడు లివర్ పూర్తిగా లాగినా క్లచ్ ప్లేట్లు విడిపోకపోవచ్చు, గేరులో బండి ముందుకు పాకుతుంది, న్యూట్రల్ పడదు. కింద పెద్ద సిలిండర్ వేసినా ఇదే లెక్క. ఇప్పుడు మీ లివర్ సగంలోనే క్లచ్ విడిపోతుంటే ఆ మార్పు మీకు పనికొస్తుంది. హ్యాండిల్ దాకా లాగితే తప్ప విడిపోకపోతే దాని జోలికి వెళ్ళకండి.

మెత్తటి స్ప్రింగులు వద్దు. నేను ఒకసారి వేశాను. లివర్ వెన్నలా ఉంది, ఇసకలో ఇంజన్ అరుస్తోంది, బండి కదలదు. కాలిన వాసన వచ్చేదాకా నాకు అర్థం కాలేదు. ప్లేట్ల సెట్టు మొత్తం పోయింది.

ఎవరైనా "బ్లీడింగ్ చేయించు, తేలికవుతుంది" అంటే, అంటే ఆయిల్ లైన్లో గాలి తీయించమంటే, నమ్మకండి. లైన్లో గాలి ఉంటే లివర్ మెత్తబడుతుంది కానీ బరువెక్కదు. కేబులుకి నూనె పట్టించమనే వీడియోలు చూసి కంగారుపడొద్దు, అవి కేబుల్ క్లచ్ బండ్లవి. కావాసాకి కేఎక్స్250కే 2021 మోడల్‌తో గానీ హైడ్రాలిక్ రాలేదు.

లాగేటప్పుడు ఎంత, వదిలేటప్పుడు ఎంత, లివర్ ఎక్కడికి వచ్చేసరికి క్లచ్ విడిపోతోంది, ఈ మూడూ చూసి రాయండి. సిలిండర్ కొనాలో వద్దో అప్పుడు చెబుతాను.