జావాలో న్యూ టీ[10] ఎందుకు కుదరదంటే

మీ స్టాక్ క్లాసులో న్యూ టీ[10] (new T[10], అంటే టీ అనే టైపువి పది పట్టే అరే) అని రాస్తే జెనెరిక్ అరే క్రియేషన్ అనే ఎర్రర్ వస్తోందన్నారు కదా, 2004లో జావా 5తో జెనెరిక్స్ (టైపు ముందే తేల్చకుండా టీ లాంటి పేరు పెట్టి క్లాసు రాసే వీలు) తెచ్చినప్పుడు పాత కోడ్ చెడిపోకూడదని, కంపైల్ అయ్యాక టీ అంటే ఏమిటో చెరిపేసేలా పెట్టారు. అరేకేమో తన టైపు రన్ టైములో తెలిసి తీరాలి. అక్కడే పేచీ. ఆబ్జెక్ట్ అరే చేసి, దాన్ని టీ అరేగా క్యాస్ట్ చేసి ప్రైవేటుగా ఉంచుకోండి, అన్‌చెక్డ్ వార్నింగ్ (ఈ క్యాస్ట్ సరైనదో కాదో తేల్చలేనని కంపైలర్ చెప్పే మాట) వస్తే టెన్షన్ పడక్కర్లేదు. దాన్ని బయటికి మాత్రం రిటర్న్ చేయకండి, తీసుకున్నవాళ్లు స్ట్రింగ్ అరేలో పెట్టుకోగానే క్లాస్‌క్యాస్ట్ ఎక్సెప్షన్ తగులుతుంది (నాకు ఓ సాయంత్రమంతా దీనికే పోయింది). బయటికి ఇవ్వాల్సిందే అంటే కన్‌స్ట్రక్టర్‌లో క్లాస్ ఆబ్జెక్ట్ (టీ అసలు ఏ టైపో రన్ టైములో చెప్పేది) తీసుకుని అరే.న్యూఇన్‌స్టన్స్ వాడండి. అరేనే కావాలన్న పట్టుదల లేకపోతే హాయిగా అరేలిస్ట్ పెట్టేయండి, దాని లోపల ఉన్నదీ ఆబ్జెక్ట్ అరేనే.