జీతం 30 వేలు ఎక్కువ... మరి చేతికి వచ్చేది?

ప్రశ్న: వచ్చే జూన్‌తో అమెరికాలో నా రెసిడెన్సీ (డాక్టరు శిక్షణ) పూర్తవుతుంది. డాలస్ శివార్లలోని ఒక హాస్పిటల్ ఏడాదికి 2,70,000 డాలర్లు ఇస్తానంది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో 3,00,000. మావారికి ప్రస్తుతం ఉద్యోగం లేదు, పాప చిన్నది. టెక్సస్‌లో స్టేట్ ట్యాక్స్ ఉండదు కాబట్టి అక్కడికే వెళ్ళమని అందరూ అంటున్నారు. వెళ్ళగానే ఇల్లు కొనాలనుంది. ఏది మేలు?

జవాబు: డాక్టరు గారూ, ముందు ఆ 30 వేల సంగతి చూద్దాం. మీరిద్దరూ కలిపి రిటర్న్ వేస్తారనుకుని 2025 రేట్లతో లెక్క కట్టాను. అదనంగా వచ్చే ఆ సొమ్ములో ఫెడరల్ ట్యాక్స్, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) కోత కలిపి దాదాపు 8 వేలు పోతాయి. మిగిలేది 22 వేలు. ఇక కాలిఫోర్నియా స్టేట్ ట్యాక్స్ మొత్తం 3 లక్షల జీతం మీద సుమారు 19 వేలు. అది చాలదన్నట్టు ఎస్‌డీఐ (రాష్ట్ర వైకల్య బీమా) పేరుతోనూ జీతంలో కోత ఉంటుంది; 2025లో అది 1.2 శాతం. 2024 నుంచి దీనికి జీతం పరిమితి తీసేశారు కాబట్టి మీకు మరో 3,600 పోతుంది. అంటే రెండు చోట్లా చేతికి వచ్చేది దాదాపు ఒకటే!

ఇల్లు కొంటే లెక్క కాస్త ఫ్రెస్నో వైపు మొగ్గుతుంది. డాలస్ శివార్లలో చాలాచోట్ల ప్రాపర్టీ ట్యాక్స్ 2 శాతానికి దగ్గరగా ఉంటుంది. 5 లక్షల డాలర్ల ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతింట్లో ఉండేవారికిచ్చే తగ్గింపు) తీసేశాక కూడా 8 వేల దాకా కట్టాలి. ఫ్రెస్నోలో అదే ధర ఇంటికి 6 వేల చిల్లర. పైగా 1978లో వచ్చిన ప్రొపొజిషన్ 13 అనే చట్టం వల్ల అక్కడ పన్ను లెక్కించే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. టెక్సస్‌లో సొంతంగా ఉండే ఇంటికి 10 శాతం దాకా పెరగొచ్చు.

అయినా మొదటి ఏడాది అద్దెకే ఉండండి. ఉద్యోగం నచ్చక ఏడాదికే ఇల్లు అమ్మాల్సి వస్తే కమిషన్లు, ఇతర ఖర్చులే మీ పొదుపును తినేస్తాయి.

నాకు అసలు టెన్షన్ మీ కాంట్రాక్టు గురించే. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగిందని పేషెంట్లు వేసే కేసులకు బీమా) ‘క్లెయిమ్స్-మేడ్’ పద్ధతిలో, అంటే పాలసీ నడుస్తుండగా వచ్చిన కేసులకే వర్తించేలా ఉంటే, మీరు మానేశాక వచ్చే కేసులకు ‘టెయిల్’ కవరేజీ విడిగా కొనాలి. దాని ఖరీదు ఏడాది ప్రీమియానికి రెండింతల దాకా ఉండొచ్చు. హాస్పిటల్ భరించకపోతే మీ జేబులోంచే పోతుంది. జాయినింగ్ బోనస్ కూడా ముందే మానేస్తే వెనక్కి కట్టాలని రాసి ఉంటుంది, చూసుకోండి. ఇల్లు మారడానికిచ్చే డబ్బుకూ పన్ను పడుతుంది.

కాబట్టి టెయిల్ ఎవరు కడతారో రెండు హాస్పిటళ్ళనూ ఈమెయిల్‌లో అడగండి. కడతామని కాంట్రాక్టులో రాసిచ్చే చోటికే వెళ్ళండి. రెండు హాస్పిటళ్ళూ ఒప్పుకుంటే, నాలుగైదేళ్ళు కదలకుండా ఉండే ఉద్దేశం ఉంటే, నా ఓటు ఫ్రెస్నోకే.