కరాటే, జూడో, బాక్సింగ్: మూడింట్లోనూ దెబ్బలు తిన్నవాడి జవాబు

"మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇంటి పక్క వీధిలో కరాటే క్లాసు ఉంది, కాస్త దూరంలో తైక్వాండో ఉంది. జూడో, బాక్సింగ్ కూడా మంచివే అంటున్నారు. వీటిలో ఏది గొప్పది? ఏది నేర్పించమంటారు?" అని అడిగారు.

నేను స్కూల్లో ఆరేళ్లు కరాటే, కాలేజీలో రెండేళ్లు జూడో చేశాను. ఉద్యోగంలో చేరాక పొట్ట తగ్గించుకుందామని ఎనిమిది నెలలు బాక్సింగ్ జిమ్‌కి వెళ్లాను. దేంట్లోనూ మొనగాణ్ణి కాదు. కరాటేలో జిల్లా స్థాయిలో ఒక కాంస్యం వచ్చింది, అదీ నా వెయిట్‌లో వచ్చింది నలుగురే కాబట్టి. సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ ఇచ్చేశారు.

ముందు బాక్సింగ్ సంగతి చెబుతాను, ఎందుకంటే కరాటే అంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే. ఆరేళ్ల అనుభవం ఉంది కదా అని ధీమాగా రింగులోకి దిగాను. అవతల డిగ్రీ చదివే కుర్రాడు, నాకన్నా పది కిలోలు తక్కువ ఉంటాడు. బలంగా ఒకటి గుద్దాను. నా పిడికిలి వాడి ముఖానికి రెండంగుళాల ఇవతల ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, చెయ్యే ఆగింది. ఆగి, బుద్ధిగా నడుము దగ్గరికి వచ్చేసింది. ఆరేళ్లూ అలాగే లాగాను మరి. ఆ సందులోంచి వాడి జాబ్, అంటే ముందున్న చేత్తో సూటిగా వేసే గుద్దు, వచ్చి నా ముక్కు మీద కూర్చుంది. మళ్లీ గుద్దాను, మళ్లీ ఆగింది, మళ్లీ తగిలింది. మూడు నిమిషాల రౌండ్ అయ్యేసరికి కళ్ల నిండా నీళ్లు, బనీను మీద రక్తం. కోచ్ నవ్వు ఆపుకుంటూ "కరాటేనా సార్?" అని అడిగాడు.

తప్పు కరాటేది కాదు. మా మాస్టారు నేర్పింది పాయింట్ల కరాటే. ముఖం మీదికి వేగంగా వెళ్లాలి, కానీ గట్టిగా తగలకూడదు. తగిలితే మనకే పెనాల్టీ. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, మగవాళ్ల 75 కిలోల పైబడిన విభాగం ఫైనల్ చూసినవాళ్లకి ఇది గుర్తుండే ఉంటుంది. సౌదీ అరేబియాకి చెందిన తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు. అతని కాలు ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే తలకి గట్టిగా తగిలింది, అతను స్పృహ తప్పి పడిపోయాడు. హమేదీని డిస్‌క్వాలిఫై చేశారు. స్ట్రెచర్ మీద వెళ్లినవాడికి బంగారం, నిలబడి ఉన్నవాడికి వెండి! మా ఆఫీసులో అందరూ ఇదేం అన్యాయం అన్నారు. నాకు మాత్రం అందులో వింతేమీ కనబడలేదు, ఆ ఆట రూలే అది. ఒంటికి అలవాటయ్యేది స్టైల్ పేరు కాదండీ, రోజూ ఏ రూల్స్ కింద ఆడిస్తున్నారో అది.

కరాటేలోనే క్యోకుషిన్ అనే శాఖ వాళ్లని చూడండి. ఒంటి మీద నిజంగానే గట్టిగా కొడతారు, కానీ చేత్తో ముఖం మీద కొట్టకూడదు. దాంతో దగ్గర దగ్గరగా నిలబడి ఛాతీ మీద గుద్దుకుంటూ, తొడల మీద తన్నుకుంటూ ఉంటారు. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే షోటోకాన్ అనే శాఖలో కాళ్లు బాగా వెడల్పుగా, కిందికి కూర్చున్నట్టు నిలబడాలి, దూరం నుంచి ఒక్కసారిగా దూకాలి. ఒకే పేరు, రెండు రకాల మనుషులు తయారవుతారు.

పెంకులు పగలగొట్టడం చూసి చేర్పించకండి. జనవరి 26న మా స్కూల్లో నేనూ పగలగొట్టాను, ఐదు. వాటిని ముందు బాగా ఎండబెడతారు. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో చిన్న చెక్కముక్కలు పెడతారు. పైది విరిగితే ఆ ముక్కలు పడి కిందవి చాలావరకు వాటంతటవే విరుగుతాయి. చప్పట్లు మాత్రం అన్నీ మనకే.

తైక్వాండో నేను నేర్చుకోలేదు, మా చెల్లి నేర్చుకుంది. ఓసారి సెలవుల్లో మేడ మీద "రా అన్నయ్యా, చూసుకుందాం" అంది. నేను అడుగు వేసేలోపే దాని పాదం నా చెవి పక్కన ఉంది. తన్నలేదు, అలా గాల్లో పెట్టి పళ్లికిలించింది. ఇక లాభం లేదని దగ్గరికి దూరిపోయాను. అంతే, ఏం చెయ్యాలో తెలీక నన్ను వాటేసుకుని "ఇది ఫౌల్" అని అరిచింది. వాళ్ల లెక్క ప్రకారం అది న్యాయమే. ఛాతీ గార్డు మీద గుద్దితే ఒక పాయింట్, అక్కడే తంతే రెండు, తల మీద తంతే మూడు. చేత్తో ముఖం మీద కొట్టడం నిషేధం. కాళ్లకి అన్ని పాయింట్లు పెట్టి, చేతికి ఒక్కటే పెడితే చేతులు కిందికి వేలాడక ఏం చేస్తాయి? కానీ ఒళ్లు విల్లులా వంగాలంటే, ఒలింపిక్స్ దాకా ఉన్న ఆట కావాలంటే ఇదే. 2000 సిడ్నీ నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఉంది. కరాటేకి ఆ ఒక్క టోక్యోనే, పారిస్‌లో తీసేశారు.

ఇక జూడో. ఇక్కడ నేను కాస్త పక్షపాతిని, ముందే చెబుతున్నా. 1882లో కానో జిగోరో అనే ఆయన జపాన్‌లో మొదలుపెట్టాడు. కరాటే వాళ్ల తెల్ల బట్టలు, నల్ల బెల్టు కూడా జూడో నుంచి తెచ్చుకున్నవే. మాకు మొదటి మూడు వారాలు పడటమే నేర్పారు. గడ్డం ఛాతీకి అదిమిపెట్టుకోవాలి, అప్పుడు తల వెనక భాగం నేలకి కొట్టుకోదు. అరచెయ్యి ఆనించి ఆపుకోబోతే మణికట్టు విరుగుతుంది, అందుకని చెయ్యంతా చాపి మ్యాట్‌ని చరచాలి. రోజూ వందసార్లు. బయటినుంచి వినేవాళ్లకి ఎవరో బండ మీద బట్టలు ఉతుకుతున్నట్టు ఉండేది. తర్వాత ఒకరోజు నా భుజం దాకా కూడా రాని కుర్రాడికి నా కరాటే కాలు చూపించాను. ఒంటికాలి మీద ఉన్నవాణ్ణి పడెయ్యడానికి ఎంతసేపు? మిగిలిన ఆ ఒక్క కాలునీ ఊడ్చేశాడు.

పదేళ్ల తర్వాత, వానాకాలంలో, మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూరల సంచీతో జారాను. ఆలోచించే టైమే లేదు. సంచీ వదిలేశాను, గడ్డం లోపలికి వెళ్లింది, చెయ్యి మెట్టుని ఫట్‌మని చరిచింది. మోచెయ్యి గీరుకుంది, అంతే. టమాటాలు మాత్రం రెండంతస్తులు దొర్లాయి. పైనుంచి మా ఆవిడ "పడ్డాక చప్పట్లేంటండీ?" అంది. నేను నేర్చుకున్న మొత్తం విద్యలో నిజంగా అక్కరకొచ్చింది ఇదొక్కటే. వీధిలో ఇంతవరకూ ఎవరితోనూ కొట్లాడలేదు.

"అన్నింటికన్నా గొప్పదేది" అన్న ప్రశ్నకి 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ, అంటే రకరకాల విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ, కొంత జవాబిచ్చింది. బాక్సర్, కరాటేవాళ్లు, సుమో ఆటగాడు అందరినీ కలిపి దింపారు. బ్రెజిలియన్ జియు జిత్సు, అంటే నేల మీద పడేసి పట్లు పట్టే విద్య, చేసే హోయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని ఓడించాడు. అతనితో తలపడ్డ బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ ఒక చేతికే గ్లౌజు తొడుక్కుని వచ్చాడు. కింద పడి గ్రేసీ పైకెక్కేసరికి ఓటమి ఒప్పేసుకున్నాడు. నేల మీద ఏం చెయ్యాలో అతనికెవరూ నేర్పలేదు. ఆ జియు జిత్సు కూడా జూడో నుంచి పుట్టిందే, అందుకే నా పక్షపాతం అన్నాను.

బాక్సింగ్ ఆడపిల్లలకెందుకు అనేవాళ్లుంటే నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పేరు చెప్పండి. 2022లో, 2023లో వరుసగా రెండుసార్లు ప్రపంచ చాంపియన్. అయితే పదకొండేళ్ల వయసులో స్కిప్పింగ్, ఫుట్‌వర్క్, బ్యాగునీ ప్యాడ్లనీ గుద్దడం వరకే పంపండి. ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే, తలకి దెబ్బలు తగిలే స్పారింగ్ ఆ వయసులో వద్దే వద్దు.

మీ అమ్మాయి విషయానికొస్తే, అందుబాటులో మంచి మ్యాట్ ఉన్న జూడో క్లాసు ఉంటే కళ్లు మూసుకుని చేర్పించండి. లేకపోతే పక్క వీధి కరాటేనే. ఇంటి పక్కనుంటే వానొచ్చినా వెళ్తారు, దూరమైతే రెండు నెలల్లో మానేస్తారు. పైగా కరాటేలో కియాయ్ అని ఒకటుంది, దెబ్బ వేసేటప్పుడు కడుపులోంచి అరవాలి. రోజంతా "మెల్లగా మాట్లాడవే" అనిపించుకునే పిల్లలు అక్కడ గొంతు చించుకుని అరుస్తారు. మా బ్యాచ్‌లో ఇద్దరమ్మాయిలకి మొదటి నెలంతా ఆ అరుపే రాలేదు. వచ్చాక మాత్రం మాస్టారే ఒకడుగు వెనక్కి వేసేవారు.

చేర్పించే ముందు వెళ్లి ఒక గంట కూర్చుని చూడండి. గంటసేపూ గాల్లోకే గుద్దిస్తున్నారా, ఇద్దరిద్దర్ని జత కట్టి కూడా చేయిస్తున్నారా? బెల్టు టెస్టు ఎన్ని నెలలకోసారి, ఫీజెంత అన్నది అప్పుడే అడిగేయండి. మా బంధువులబ్బాయి ఒకడికి ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు ఇచ్చేశారు. మొన్న ఇంటికొచ్చినప్పుడు "ఏదీ, ఒక్కసారి వెనక్కి పడి చూపించు" అన్నాను. సోఫా ఎక్కడుందో చూసుకుని పడ్డాడు.