స్లీవ్ ఆపరేషన్ అయి మూడు నెలలు.. అన్నం తింటే వాంతి, కాళ్లలో తిమ్మిర్లు! ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లె. మూడు నెలల కిందట బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 94. మొదట్లో బాగానే ఉంది కానీ అన్నం మొదలుపెట్టాక మూడు నాలుగు ముద్దలకే ఛాతీలో అడ్డం పడ్డట్టయి నురుగుతో వాంతి అవుతోంది. మూడు వారాలుగా దాదాపు రోజూ ఇదే. విటమిన్ బిళ్లలు కూడా వాంతిలో పోతున్నాయని ఆపేశాను. నీరసంగా ఉంటే ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రెండుసార్లు గ్లూకోజ్ ఎక్కించారు. పది రోజులుగా అరికాళ్లలో తిమ్మిర్లు. సాయంత్రం టీతో బిస్కెట్లు, చెగోడీలు తింటే మాత్రం ఏమీ కావడం లేదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది, రెండు వారాలుగా బరువు కదలడం లేదు. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది. నేనిక మామూలుగా తినగలనా? ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశానా అనిపిస్తోంది.
- పేరు రాయొద్దన్న పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా ముందు తిమ్మిర్ల గురించి చెబుతాను. ఒక్క ముక్కలో రాసి దాటేశారు గానీ, మొత్తం చదివాక నాకు కంగారు పుట్టించింది అదే. ఇది చదివిన రోజే మీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అంత దూరం కుదరకపోతే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకైనా సరే, డిశ్చార్జి కాగితాలు పట్టుకుని వెళ్లి, "స్లీవ్ ఆపరేషన్ అయింది, మూడు వారాలుగా వాంతులు, ఇప్పుడు అరికాళ్లు తిమ్మిర్లు" అని ఈ మూడూ కలిపి చెప్పండి. విడివిడిగా చెబితే గ్యాస్ అనో నీరసం అనో మందు రాసి పంపేసే ప్రమాదం ఉంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, విటమిన్ బి1 అని ఒకటుంది, థయమిన్ అంటారు. మన ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. మీరు తినేదే కొంచెం, అందులో సగం వాంతిలో పోతోంది, బిళ్లలు కూడా ఆపేశారు, అంటే ఈపాటికి నిల్వ అడుగంటి ఉండొచ్చు. అది తగ్గినప్పుడు చాలామందికి మొదట పాదాలు తిమ్మిరెక్కుతాయి, ఆ తర్వాత నడకలో తూలు వస్తుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట, జ్ఞాపకం తడబడతాయి. అంతదాకా వస్తే తర్వాత ఎంత వైద్యం చేసినా కొంత నష్టం అలాగే ఉండిపోవచ్చు. ఇప్పుడైతే ఇంజెక్షన్లతో ఆపగలం. తిమ్మిర్లకు బి12 తగ్గడం లాంటి వేరే కారణాలూ ఉంటాయి, అవి రక్తపరీక్షల్లో తేలతాయి, కానీ ఆ రిపోర్టులు వచ్చేదాకా బి1 కోసం ఆగరు, అనుమానం ఉంటే చాలు మొదలుపెట్టేస్తారు.

ఇంకో మాట, గ్లూకోజ్ గురించి. ఆర్‌ఎంపీ గారు మీ మేలు కోరే పెట్టారు, కాదనను. కానీ ఒళ్లు గ్లూకోజ్‌ను వాడుకోవాలంటే బి1 కావాలి. బి1 అడుగంటిన మనిషికి ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. కాబట్టి ఇకమీదట ఎక్కడ సెలైన్ పెడతామన్నా "ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వండి" అని అడగండి. మీ ఇంట్లో వాళ్లకీ ఈ మాట చెప్పి ఉంచండి, మీరు అడగలేని స్థితిలో ఉంటే వాళ్లు అడుగుతారు.

ఇక వాంతులు. ఆపరేషన్ తర్వాత వాంతులు మామూలేనని మీ చుట్టుపక్కల వాళ్లు అనే ఉంటారు. ఎప్పుడో ఒకసారి గబగబా తిని వాంతి చేసుకోవడం వేరు, మూడు వారాలు వరసగా అవ్వడం వేరు, ఇది మామూలు కాదు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని ముప్పావు వంతుకు పైగా కత్తిరించి తీసేస్తారు, మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. కొందరికి ఆ గొట్టం ఒకచోట ఇరుకవుతుంది, లేదా మెలిక పడుతుంది. ఇంట్లో తెలుసుకోవడానికి ఒక గుర్తు: మజ్జిగ, పలచటి చారు కూడా నిలవకుండా వచ్చేస్తుంటే ఇరుకు ఉందేమోనని అనుమానించాలి. గట్టివి మాత్రమే వస్తూ ద్రవాలు హాయిగా దిగుతుంటే తినే పద్ధతిలో తేడా అయి ఉండే అవకాశమే ఎక్కువ. అలాగని ఇంట్లోనే తేల్చేసుకోకండి, ఇన్ని రోజుల వాంతులకు ఎండోస్కోపీ చేసి చూడాల్సిందే. ఇరుకు ఉంటే చాలాసార్లు లోపలికి బెలూన్ పంపి వెడల్పు చేస్తారు, మళ్లీ కోత లేకుండానే సరిపోవచ్చు.

అంతా సవ్యంగానే ఉందని డాక్టర్ చెప్పారనుకోండి, అప్పుడు తినే పద్ధతి చూసుకుందాం. మనం అన్నం నమలం అమ్మా, మింగుతాం. చిన్నప్పటి నుంచి పప్పన్నం, పులుసన్నం, పెరుగన్నం మెత్తగా కలిపి ముద్ద చేసి గుటుక్కున దించేయడమే మనకు తెలుసు. పాత పొట్టకు అది చెల్లింది. ఇప్పటి సన్నటి గొట్టంలోకి ఆ ముద్ద ఉండలాగే వెళ్లి బిరడాలా బిగుసుకుంటుంది, అది దిగక లాలాజలం ఊరి నురుగు నురుగుగా బయటికొస్తుంది. మెత్తటి ఇడ్లీ కూడా కొందరికి ఇలాగే పడుతుంది.

మీలాంటి ఇబ్బందితో వచ్చిన ఒకావిడను ఓపీలోనే నా ఎదురుగా ఉడికించిన గుడ్డు తినమన్నాను. రెండు నిమిషాల్లో అయిపోయింది, అయిదో నిమిషంలో బేసిన్ అడిగింది. మర్నాడు అదే గుడ్డు టీ స్పూన్‌తో గిల్లి, చిటికెడంత ముక్క నోట్లో పెట్టుకుని పేస్టు అయ్యేదాకా నమిలి, మింగాక స్పూన్ కింద పెట్టి, కాసేపాగి ఇంకో ముక్క, అలా ఇరవై నిమిషాలు పట్టింది. ఏమీ కాలేదు. మీరూ కంచం పక్కన పెట్టి చిన్న గిన్నె, టీ స్పూన్ తీసుకోండి, టీవీ, ఫోన్ లేకుండా ఓ అరగంట కేటాయించండి. తింటుండగా ముక్కు కారినా, ఎక్కిళ్లు వచ్చినా, రొమ్ము ఎముక కింద బిగబట్టినట్టున్నా అక్కడితో ఆపేయాలి. గిన్నెలో ఇంకో స్పూనే మిగిలిందని, పారేయడం ఎందుకని తినేశారా, వాంతి ఖాయం.

ముందు కొన్నాళ్లు వెనక్కి వెళ్లండి. వాంతుల సంగతి తేలేదాకా డాక్టర్ ఏది తాగమంటే అదే, ఆ తర్వాత మిక్సీలో తిప్పిన పప్పు, పెరుగు, మెత్తగా గిలకొట్టిన గుడ్డు, ముళ్లు తీసి చిదిపిన చేప, అది సహించాక కీమా, పనీర్. అన్నం ఆఖరున. అన్నం లేకపోతే తిన్నట్టు ఉండదని మీ అత్తగారు అంటారు, నాకు తెలుసు, కానీ పట్టేదే గుప్పెడంత చోటు, అందులో అన్నం నింపితే మాంసకృత్తులకు చోటెక్కడిది? రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. గుడ్డులో 6 గ్రాములుంటాయి, పావు లీటరు పాలలో ఎనిమిది, 50 గ్రాముల పనీర్‌లో ఇంచుమించు తొమ్మిది, ఉడికిన చికెన్ అయితే 50 గ్రాములకు 12 పైనే. లెక్క వేసి చూడండి, ఇవన్నీ తిన్నా 60కి చేరడం కష్టం, అందుకే ఈ దశలో మీ డైటీషియన్ చెప్పిన ప్రొటీన్ పొడి పాలలోనో మజ్జిగలోనో కలుపుకోవాలి. నీళ్లు తిండితో కలిపి వద్దు. తిన్న అరగంట తర్వాత మొదలుపెట్టి గుక్క గుక్కగా రోజు మొత్తంలో లీటరున్నరకు తగ్గకుండా తాగండి. కూల్‌డ్రింకులు, సోడా ముట్టుకోవద్దు.

చెగోడీలు, బిస్కెట్లు ఏమీ చేయడం లేదన్నారు కదా, మీ బరువు కదలకపోవడానికి ఒక కారణం అక్కడే ఉంది. అవి టీతో నాని పొడి పొడిగా జారిపోతాయి, ఎక్కడా అడ్డుపడవు, కడుపు నిండినట్టూ అనిపించదు, ఒకటి తర్వాత ఒకటి ఎన్నైనా పోతాయి. గుడ్డు తింటే బాధ, బిస్కెట్ తింటే హాయి కాబట్టి మనిషి తెలియకుండానే బిస్కెట్ వైపు వెళ్లిపోతాడు. ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మళ్లీ బరువు పెరగడంలో ఇలా సాయంత్రాలు ఏదో ఒకటి నములుతూ కూర్చోవడం పాత్ర చాలా ఉంటుంది. అలాగని బరువు గురించి బెంగ పెట్టుకోకండి. మూడు నెలల్లో 18 కిలోలు మంచి తగ్గుదలే, మధ్యలో రెండు మూడు వారాలు ముల్లు ఆగిపోవడం దాదాపు అందరికీ జరుగుతుంది. రోజూ తూచుకోవద్దు, వారానికోసారి చాలు.

జుట్టు ఊడటం మూడో నెలలో మొదలై కొన్ని నెలలు ఉంటుంది. ఒక్కసారిగా బరువు తగ్గినప్పుడు ఒళ్లు జుట్టుకు పెట్టే ఖర్చు తగ్గించుకుంటుంది, అంతే. కుదుళ్లు చచ్చిపోవు, తిండి కుదిరాక చాలామందికి మళ్లీ వస్తుంది. నూనెలు మారిస్తే లాభం లేదు, ప్రొటీన్, ఐరన్ అందాలి.

బిళ్లలు ఆపడం మాత్రం చేయకూడదు. మింగలేకపోతే నమిలేవి, నీళ్లలో కరిగేవి దొరుకుతాయి, అడిగి మార్పించుకోండి. మల్టీవిటమిన్, బి12, డి, కాల్షియం జీవితాంతం వాడాల్సిందే. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి ఒంటికి పట్టనివ్వవు, రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ బిళ్ల టీతో అస్సలు వద్దు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి వేసుకునే అలవాటుంటే మానేయండి, పుండు పడుతుంది, నొప్పికి పారాసెటమాల్ చాలు. షుగర్‌కో బీపీకో మందులు వాడుతుంటే పాత డోసే కొనసాగించకండి, బరువు తగ్గినకొద్దీ వాటినీ తగ్గించాల్సి వస్తుంది, లేదంటే కళ్లు తిరిగి పడిపోతారు. మీ వయసు చూసి ఇది కూడా చెప్పాలి: ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది, వీలైతే ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోండి. బరువు తగ్గుతుంటే ఆగిపోయిన నెలసరులు సర్దుకుని, అనుకోకుండా గర్భం నిలిచిన వాళ్లున్నారు.

తప్పు చేశానా అని అడిగారు. లేదమ్మా. ఆపరేషన్ చేశాక మూడు నెలల పాటు ఎలా తినాలో, దేనికి భయపడాలో పక్కన కూర్చుని చెప్పేవాళ్లు మీకు లేకపోయారు, లోపం అక్కడుంది, మీలో కాదు. ఏడాది తిరిగేసరికి చాలామంది ఇంట్లో అందరూ తినే కూరలే తింటారు, అన్నం కూడా నాలుగు ముద్దలు తింటారు. పరిమాణమే తక్కువ.

పెళ్లికి వెళ్లండి. ఇంటి దగ్గరే గుడ్డో పనీరో తిని బయల్దేరండి, ఆకలితో బంతిలో కూర్చోవద్దు. కొసరి కొసరి వడ్డించేవాళ్లు ఉంటారు, మొహమాటపడితే ఆ పూట పెళ్లి పందిట్లోనే ఇబ్బంది పడాల్సి వస్తుంది, కాబట్టి ఆడపడుచుకు ముందే ఫోన్ చేసి సంగతి చెప్పేయండి, మిగతావాళ్లకు ఆవిడే సర్దిచెబుతుంది. బూరె, బొబ్బట్టు చిటికెడు రుచి చూస్తే చూడండి, అంతకు మించితే గుండె దడ, చెమటలు, విరేచనం పట్టుకోవచ్చు. చేతి సంచిలో నీళ్ల సీసా, బిళ్లల డబ్బా పెట్టుకోండి. ఆసుపత్రికి మాత్రం ఈరోజే వెళ్లండి, అక్కడ ఏం చెప్పారో మాకు రాయండి.