లోన్ లెక్క ఈరోజు డాలర్ రేటుకు వేయకమ్మా

చి. కావ్యకు మామయ్య ఆశీస్సులు.

విదేశీ చదువు కోసం నువ్వు వేసి పంపిన ఖర్చుల లెక్క చూశాను. అద్దె, తిండి, ఇన్సూరెన్స్ ఏదీ వదల్లేదు, సంతోషం. కానీ రెండేళ్లకూ డాలర్‌ని ఈరోజు రేటుకే కట్టావు. నా టెన్షన్ అక్కడే. బ్యాంకులో ఫారిన్ ఎక్స్ఛేంజ్ సీట్లో పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, రూపాయి ఎప్పుడూ నెమ్మదిగానే తగ్గుతుందని నమ్మకు.

1966 జూన్ 6న డాలర్ 4.76 రూపాయల నుంచి ఒక్కసారిగా 7.50కి వెళ్లింది. 1991లో ఇంకా ఘోరం. గల్ఫ్ యుద్ధంతో చమురు ఖర్చు పెరిగింది, కువైట్‌లో ఉన్న మనవాళ్లు ఉద్యోగాలు వదిలేసి తిరిగొచ్చారు, ఎన్నారైలు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. దేశం చేతిలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయి. పి.వి. నరసింహారావుగారు ప్రధాని అయిన పదిరోజులకే, జులై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. 21 దగ్గరున్న డాలర్ 26కి చేరింది. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టింది. ఇల్లాలి మెడలో గొలుసు తీసి కుదువబెట్టినట్టే జనం బాధపడ్డారు. అప్పటికి అంతకన్నా దారి లేదనే ఇవాళ్టికీ నా నమ్మకం.

1993 నుంచి రేటు మార్కెట్‌దే. మరీ జారిపోతుంటే రిజర్వ్ బ్యాంకు డాలర్లు అమ్మి సర్దుతుంది, అంతే.

నీకు దగ్గరగా ఉండేది 2013. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తామనగానే విదేశీ పెట్టుబడులు వెనక్కి మళ్లి, మే నెలలో 55 దగ్గరున్న డాలర్ ఆగస్టు 28న 68 దాటింది. సరిగ్గా పిల్లలు ఫీజులు కట్టే టైమ్! 20 వేల డాలర్ల ఫీజుకి 11 లక్షలు సరిపోయేది, మూడు నెలల్లో 13.60 లక్షలైంది. అప్పటికే లోన్ శాంక్షన్ అయిపోయినవాళ్లు మిగతా డబ్బు కోసం ఎక్కడికి పోతారు?

అందుకని పది శాతం ఎక్కువ రేటు వేసుకుని లోన్ అడుగు. వాడుకున్నంత మేరకే వడ్డీ పడుతుంది, భయం లేదు. ఫోన్‌లో కనిపించే రేటుకు బ్యాంకు డాలర్ ఇవ్వదు, టీటీ సెల్లింగ్ రేటు (విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు మనకు డాలర్ అమ్మే రేటు) ఎంతో, ఛార్జీలెంతో ముందే అడుగు. గడువు దగ్గరపడ్డాక రేటు తగ్గుతుందేమోనని మాత్రం ఆగొద్దు. నాలుగు పైసలకు చూస్తే సీటే పోవచ్చు.

రూపాయి పడితే అక్కడి జీతంతో లోన్ తొందరగా తీరుతుందని మీ అన్నయ్య అంటున్నాడట. నిజమే, కానీ ఉద్యోగం వచ్చాక కదా. ఆ లెక్క ఇప్పుడు కలపకు.

ఫీజు ఏయే తేదీల్లో కట్టాలో రాసి పంపు. మేనేజర్ దగ్గరికి నేనూ వస్తాను.

మీ మామయ్య